పేరులేని అడుగులకు పేర్లు పెట్టిన బడి

సాయంకాలం. అమెరికాలోని ఒక నగరంలో, పేటవాసులందరూ వాడుకునే సామాజిక భవనం. కుర్చీలను గోడవారకు జరిపివేశారు. పాదరక్షలు విడిచి, నడుముకు శాలువాలు బిగించి, పది పన్నెండు మంది స్త్రీలు వరుస తీరి నిలిచారు. వారిలో కళాశాల విద్యార్థిని ఉన్నది, ఆసుపత్రి నర్సు ఉన్నది, మనుమలను పెంచుతున్న అమ్మమ్మ ఉన్నది. "మోకాళ్లు కొద్దిగా వంచండి. భుజాలు కదలరాదు. కుడి తుంటిని మాత్రమే ఎత్తి దించండి" అంటుంది గురువు. మొదటి పాఠంలో అది ఎవరికీ చేతకాదు. తుంటితో పాటు భుజమూ లేస్తుంది, తలా ఊగుతుంది. అందరూ నవ్వుకుంటారు. వారు నేర్చుకుంటున్నది లోకం 'బెల్లీ డాన్స్' అని పిలిచే నాట్యం.

ఆ పేరు ఆడినవారు పెట్టుకున్నది కాదు, చూసినవారు తగిలించినది. అరబ్బీలో దీనిని 'రక్స్ షర్కీ' అంటారు. తూర్పుదేశపు నృత్యమని అర్థం. ఫ్రెంచివారు దీనిని 'ఉదర నృత్యం' అన్నారు. ఇంగ్లీషు పేరు దానికి అనువాదం. నిజానికి ఇందులో ప్రధానమైనది ఉదరం కాదు, తుంటి. ఒక అవయవం కదులుతుండగా తక్కినవి నిశ్చలంగా ఉండడమే ఈ విద్యలోని కష్టం, అందం కూడా.

చూసినవారు పేరుతో పాటు అపకీర్తిని కూడా అంటగట్టారు. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ బహిరంగంగా ఆడే నర్తకీమణులను కైరో నుంచి దక్షిణ ప్రాంతాలకు వెళ్లగొట్టాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ నాట్యాన్ని చూడడానికి జనం విరగబడ్డారు. నీతిపరిరక్షకుడుగా పేరుబడ్డ ఆంథొనీ కామ్‌స్టాక్ దానిని మూసివేయించాలని పట్టుబట్టాడు. సరిగ్గా ఆ ఏడే మద్రాసులో సంఘసంస్కర్తలు భోగం మేళాలకు హాజరు కావద్దని గవర్నరుకు, వైస్రాయికి విన్నవించుకున్నారు. ఆడే స్త్రీ ఎవరికోసం ఆడుతున్నదన్న ప్రశ్న సముద్రానికి రెండు వైపులా ఒక్కసారే తలెత్తింది.

అయితే ఈజిప్టు ఇళ్లలో ఈ నాట్యానికి మరొక జీవితం ఉన్నది. పెళ్లిళ్లలో స్త్రీలు తమలో తాము ఆడుకుంటారు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. అక్కడ పాఠమంటూ లేదు, అడుగులకు పేర్లూ లేవు. 1926లో బదియా మసాబ్నీ కైరోలో తెరిచిన నృత్యశాల దీనిని రంగస్థలానికి ఎక్కించింది. అక్కడ రాణించిన తహియా కరియోకా, సామియా గమాల్ సినిమాలలోనూ ప్రసిద్ధులయ్యారు.

ఆ సినిమాలను చూసి నేర్చుకున్నవారిలో జమీలా సలీంపూర్ ఒకరు. 1926లో న్యూయార్కులో జన్మించిన ఈమె కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పసాగారు. పేరులేని అడుగును ఇంటి పిల్లకు చూపవచ్చు. వారానికి ఒక గంట వచ్చే పరాయి శిష్యురాలికి చెప్పడమెట్లా? జమీలా ప్రతి కదలికనూ విడదీశారు, జాతులుగా వర్గీకరించారు, ఒక్కొక్కదానికి ఒక పేరు పెట్టారు. బొటనవేలికి, నడిమి వేలికి తొడుక్కునే ఇత్తడి తాళాల దరువులను వాటికి జతచేశారు. పేర్లు వచ్చిన తరువాత పాఠం వచ్చింది. 1970లలో ఈ తరగతులు అమెరికా పేటపేటనా వెలిశాయి.

దీనిపై విమర్శ లేకపోలేదు. 1968లో జమీలా ఏర్పరచిన 'బాల్ అనాత్' బృందం పలుదేశాల వేషాలను కలిపి అల్లిన ఊహాప్రపంచమే గాని, ఏ ఒక్క దేశపు సంప్రదాయమూ కాదు. తమ ఇంటి ఆట పరాయివారి వినోదవేషమైనదని అరబ్బు స్త్రీలు బాధపడితే ఆ బాధ అకారణమని తోసివేయలేము.

ఆ శిష్యపరంపరకే చెందిన కరోలీనా నెరిచ్చియో 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని నో వ్యాలీ పేటలో, ఒక చిన్న గదిలో తరగతి ప్రారంభించారు. ఆ బృందం ధరించినది మన దేశపు చోలీ. అక్కడ ముందుగా కూర్చిన నాట్యమంటూ ఉండదు. నాయిక ముందు ఎడమవైపున నిలిచి చేతితోనో, తలతోనో సంజ్ఞ చేస్తుంది, తక్కినవారు అందుకుంటారు. కొంతసేపటికి ఆమె వెనుకకు తగ్గితే మరొకతె నాయిక అవుతుంది. అందుచేత నర్తకి కన్ను ముందుగా వెతికేది ప్రేక్షకుని కాదు, పక్కనున్న స్త్రీని.

తిరిగి ఆ సామాజిక భవనానికి వస్తే, వారాలు గడిచాయి. ఒక సాయంకాలం అమ్మమ్మగారి తుంటి పైకి లేచింది, భుజం లేవలేదు. ఆమె తనకే నమ్మకం లేనట్లు మరొకసారి ఎత్తి చూసుకున్నది. ప్రేక్షకులెవరూ లేరు. వరుసలోని స్త్రీలు మాత్రం చప్పట్లు కొట్టారు.