మూడవమారు వచ్చిన పండ్లు

బాల్యమున పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వచ్చుట అందరు నెరిగినదే. మాకు అరువదిరెండవ యేట మూడవమారు పండ్లు వచ్చినవి. ఇవి మొలిచినవి కావు. దవడయెముకలో టైటానియం మరమేకులు దిగవేసి, వానిపై బిగించినవి. ఈ చికిత్స జరుగుచున్న కాలమున మమ్ము చూడవచ్చిన సోదరీమణులెందరో "నొప్పియా? ఖర్చెంత? అన్నము నమలగలరా?" యని యడిగిరి. అందరికిని వేరువేరుగ చెప్పలేక ఇచట నొక్కమారే వ్రాయుచున్నాము.

మా పండ్లు పోవుటకు పుప్పి కారణము కాదు, చిగుళ్ల వ్యాధి. మా తల్లిగారి తరమువారు దీనిని పయోరియా యనెడివారు. పుప్పిపన్ను పోటుపెట్టి మనిషిని మేల్కొల్పును. చిగుళ్ల వ్యాధి చప్పుడు చేయదు. తోముకొనునపుడు నెత్తురు కనబడుట, ఉదయమున నోట దుర్వాసన, చిగురు దిగి పన్ను పొడవైనట్లు తోచుట, ఇవి యన్నియు మాకు నలువదియవ యేటనే కలిగినవి. ఇంటిలో నందరి మందులును వేళకందించుచు, మా నోటిని మాత్రము ఉప్పునీటికిని లవంగ నూనెకును వదలితిమి. అటుపిమ్మట చక్కెరవ్యాధి వచ్చినది. చక్కెర హెచ్చినచో చిగుళ్లు చెడును. చిగుళ్లు చెడినచో చక్కెర లొంగదు. ఈ సంగతి మాకు తెలియునప్పటికి మించిపోయినది. ఏబదియెనిమిదవ యేటికి పైవరుస యంతయు పోయి కట్టుడుపండ్లు వచ్చినవి. క్రింద ముందరి యారు పండ్లు మాత్రము కదలుచు నిలిచినవి.

కట్టుడుపండ్లను మేము నిందింపము. వానితో హాయిగా కాలము గడుపువారు పెక్కురు కలరు. మాకు మాత్రము పొసగలేదు. పైసెట్టు అంగిలి నంతయు కప్పును గనుక, కాఫీ వేడియో కాదో గొంతు దిగువరకు తెలియదు. పులుసు రుచి సగమే తెలియును. జామపండు, తేగ, చెరకుముక్క మాకు దూరమైనవి. మెత్తని యన్నము, ఇడ్లీ, పాలలో నానిన బిస్కత్తులే గతి. అవియే చక్కెరను పెంచునవి. ఆకుకూరలు, పచ్చికూరలు, పెసలు తినుడని వైద్యులు చెప్పుదురు, వానినే నమలలేము.

ఒకనాడు మేనకోడలి పెండ్లిలో మంగళహారతి పాడుచుండగా పైసెట్టు జారినది. పమిటచెంగు నోటికడ్డము పెట్టుకొని లోపలికి పోతిమి. పిల్లలు నవ్విరి, వారిది తప్పు కాదు. నాటినుండి రెండేండ్లు పంక్తిలో కూర్చుండలేదు. "మీరు కానిండు, వడ్డించి తరువాత తినెదము" అనెడివారము. ఆడుదాని నోట ఈ మాట విన్న వారెవ్వరును అనుమానింపరు. అందరు నిద్రించిన పిదప వంటింటిలో మజ్జిగయన్నము మ్రింగి పడుకొనెడివారము. ఆ రెండేండ్లలో తొమ్మిది కిలోలు తగ్గితిమి.

హైదరాబాదున ఉద్యోగము చేయు మా చిన్నకుమారుడు ఇంప్లాంటుల మాట తెచ్చెను. ఖర్చు లక్షలలో నుండునని విని ముందుగా మేమే వలదంటిమి. డాబా కురియుచున్నది, దానికి దాచిన సొమ్మది. పెద్దవాడు ఊరకుండెను. మా వారు "ఈ వయసులో..." అని మాట మధ్యలో నాపిరి. అప్పుడు మా పెద్దకోడలు కాఫీగ్లాసులు తీయుచు, "మామయ్యగారి మోకాలికి అడగని వయసు అత్తయ్యగారి నోటికెందుకండీ?" అన్నది. మూడేండ్ల క్రిందట వారి మోకాలికి లోహపుకీలు వేయించినమాట నిజము. అప్పుడు ఇంటిలో నెవ్వరును వయసు లెక్కింపలేదు, మేమును లెక్కింపలేదు. ఆ రాత్రి వారు నిద్రపోలేదు. మరునాడు తామే కుమారునకు ఫోను చేసిరి. డాబాసొమ్ము చాలకపోగా మా కాసులపేరు అమ్మితిమి. పెట్టెలో నున్న కాసులపేరును గూర్చి మాకు చింత లేదు.

ఈ విద్య పుట్టిన తీరు వినదగినది. 1952 ప్రాంతమున స్వీడను దేశమున పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ అను శాస్త్రజ్ఞుడు ఎముక మానుతీరును పరీక్షించుటకై కుందేటి కాలియెముకలో టైటానియం గొట్టమొకటి అమర్చెను. పని ముగిసినపిదప దానిని తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొన్నది. వెదకినది యొకటి, దొరకినది వేరొకటి. 1965లో ఆయన గోస్టా లార్సన్ అను రోగి దవడలో మొదటి మేకులు వేసెను. లార్సన్ 2006లో మరణించువరకు నలువదేండ్లకు పైగా అవి పనిచేసినవి. తరువాత లిస్బన్ నగరపు వైద్యుడు పాలో మాలో, వెనుకమేకులను ఏటవాలుగ దించి నాలుగింటిపైననే ఒక వరుస నంతయు నిలుపు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. వెనుకదవడలో ఎముక కరగినవారికి ఇది మేలు.

ఎముక కరగుట యనగా నేమియో మేమును అప్పుడే తెలిసికొంటిమి. పన్ను పోయినచోట దవడయెముకకు పని యుండదు. పనిలేని యెముక ఏటేట తరగును. ముసలివారి బుగ్గలు లోనికి పోయి గడ్డము ముందుకు వచ్చుట కిదియే కారణము.

మొదట మేము వెళ్లిన చికిత్సాలయమున మూడు దినములలో పండ్లు పెట్టెదమనిరి. చక్కెర ఎంతయో యడుగలేదు. బయానా మాత్ర మడిగిరి. మాకు మనసొప్పక తిరిగి వచ్చితిమి. రెండవచోట చూచినది ముప్పదియైదేండ్లు మించని వైద్యురాలు. ఆమె మా మందుల చీటీలన్నియు చదివెను. ఎముకలు గుల్లబారకుండ వాడు మాత్రలుగాని, సూదులుగాని తీసికొనుచున్నారా యని గట్టిగ నడిగెను. అట్టి మందులు కొన్ని వాడువారికి దవడగాయము మానకపోవు ప్రమాదము కలదట. మన యీడువారు పలువురు వానిని వాడుదురు గనుక ఇది మరువరాదు. దవడను అన్నివైపులనుండి చూపు స్కాను తీసి, పైన ముక్కు ప్రక్కనుండు గాలిగది యెంత క్రిందికి దిగినదో, క్రింద పెదవికి స్పర్శనిచ్చు నరము ఎచట పోవుచున్నదో చూపెను. ఆ నరము దెబ్బతిన్నచో పెదవి మొద్దుబారును. మూడు నెలల సగటు చక్కెర 9.4 ఉండెను. "ఇది 7కు రానిదే నేను ముట్టుకోనమ్మా" అని పంపివేసెను. అందులకు నాలుగు నెలలు పట్టినది. అప్పుడు మాకు కోపము వచ్చినమాట దాచనేల?

శస్త్రచికిత్సనాడు మత్తు నోటివరకే ఇచ్చిరి. మెలకువతోనే యుంటిమి. నొప్పి లేదు, చప్పుడు కలదు. ఎముక తొలచునపుడు ఆ అదురు పుర్రెయంతయు వినబడును. క్రింది యారు పండ్లు తీసి, నాలుగు మేకులు క్రిందను ఆరు మేకులు పైనను దించిరి. నడుమ విరామముతో ఐదు గంటలు పట్టినది. ఊడిన పండ్లను చిన్న డబ్బాలో వేసి యిచ్చిరి. ఏబదేండ్లు అన్నము తినిపించిన పండ్లు! వానిని పారవేయ మనసొప్పక ఇంటికి తెచ్చి తులసికోట మొదట పాతితిమి. మా వారు చూచి నవ్వలేదు.

మూడవనాడు ముఖము గుమ్మడికాయయైనది, మెడవరకు కమిలినది. ఆ దినమే తాత్కాలికపు ప్లాస్టికు పండ్లు బిగించిరి. పదిదినములకు వాపు పోయినది. ఆహారము జావ, పప్పుకట్టు, మెత్తని పెరుగన్నము. అసలు కష్టము నొప్పి తగ్గినపిదపనే కలదు. పండ్లు నోటనున్నవి, నొప్పి లేదు. కాని యెముక మేకును పట్టుకొనుటకు నెలలు కావలెను. గట్టిది కొరికినచో పట్టు చెడును. రెండవ నెలలో మేము ఒక చేగోడీ తింటిమి. ఒక్కటే.

మూడవ నెలలో పరీక్షకై పండ్లు విప్పి చూడగా, పైయెడమవైపు మేకొకటి వేలితో తాకగానే తిరిగినది. నొప్పి యేమియు లేదు. ఎముక పట్టలేదన్నమాట. మేము చేగోడీ సంగతి చెప్పి యేడ్చితిమి. ఆమె మా చేయి పట్టుకొని, "దానివల్లనో, అక్కడ ఎముక పలచన కావడంవల్లనో నేను చెప్పలేనమ్మా. జాగ్రత్తపడినవాళ్లకీ ఒక్కొక్కసారి ఇలా అవుతుంది" అన్నది. ఆ మాటలోని నిజాయితీ మాకు ఊరటనిచ్చెను. తక్కిన యైదింటిపై ముగింపవచ్చుననియు, గాయము మాన్చి మరియొకటి వేసినచో గట్టిగ నుండుననియు చెప్పెను. మా వారు మా వంక చూచిరి. వేయింపుడంటిమి. దానికి వేరుగ సొమ్ము పుచ్చుకొనలేదు గాని, ఆరు నెలలు మరల జావతో గడచినవి. ఈమారు చేగోడీల డబ్బా కోడలి గదిలో నుండెను.

స్థిరమైన పండ్లు వచ్చినపుడు మొదటివారము మాట తొట్రిల్లినది. త, ద, స పలుకునపుడు నాలుక క్రొత్తగోడకు తగిలినట్లుండెను. దినమొక గంట మా వారికి వార్తాపత్రిక బిగ్గరగ చదివి వినిపించితిమి. పదునైదు దినములకు పలుకు తేరినది. సహజదంతమున కొక సూక్ష్మస్పర్శ కలదు. వెండ్రుక తగిలినను తెలియును. ఈ పండ్లకు అది లేదు. అన్నములో రాయి వచ్చినచో చప్పుడువలన తెలియవలసినదే. బుగ్గ కరచుకొనుటయు ఒకటి రెండుమారులు జరిగినది. అంగిలి మాత్రము మరల మాది యైనది. కాఫీవేడి మొదటిదినము అంగిటికి తగిలినపుడు, గ్లాసు క్రిందపెట్టి కొంతసేపు కూర్చుంటిమి.

కార్తికమాసపు వనభోజనములలో ఉసిరిచెట్టు క్రింద పంక్తిలో కూర్చుంటిమి. వడ్డించుటకు లేవబోగా కోడలు భుజముపై చేయివేసి కూర్చుండబెట్టినది. ఆవకాయముక్క టెంకతో సహా కొరికితిమి. ఎదుటి పంక్తిలో మా వారు తినుట మాని చూచుచుండిరి. ఆకులు మడుచునప్పటికి అందరికంటె వెనుకపడినవారము మేమే.

ఇనుపపండ్లకు జబ్బేమియని యొక బంధువు అనిరి. ఈ పండ్లకు పుప్పి పట్టదు, నిజమే. వానిచుట్టునున్న చిగురునకును ఎముకకును జబ్బు పట్టును. పట్టినచో మేకులు కదలును. పొగ త్రాగువారికి ఈ భయము మరింత హెచ్చు; మా విశాఖవైపు అడ్డచుట్ట కాల్చు అవ్వలు ఈ చికిత్స తలచునెడల ముందుగా చుట్టను విడువవలెను. మేము రాత్రి పదునైదు నిమిషములు పండ్లకును చిగురునకును నడుమ చిన్నకుంచె దూర్చి, నీటిధార పట్టి శుభ్రము చేయుదుము. ఆరు నెలల కొకమారు వైద్యురాలు పరీక్షించును.

రాత్రి మేము అద్దము ముందు నిలిచినపుడు ఏడేండ్ల మనుమరాలు తన బ్రష్షుతో వచ్చి ప్రక్కన నిలుచును. దానికి ముందరి పాలపండ్లు రెండును ఊడినవి. "నాన్నమ్మా, నాకూ మేకులు వేస్తారా?" అని మొన్న నడిగెను. నీకు ఊరకనే వచ్చునంటిమి. అది నమ్మినట్లు లేదు. నోరు తెరచి అద్దమునకు మరింత దగ్గరగ జరిగినది.