మగ్గం కంటే ముందు వైరింగు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలపై బ్రతుకుతున్న తెలుగు పద్మశాలి కుటుంబాలు అనేకం. కూలికి నేసినవారు ఏనాటికైనా ఇంటివద్దనే నాలుగు సొంత మగ్గాలు పెట్టుకోవాలని ఆశించడం సహజమే. అయితే ఋణ దరఖాస్తులో మగ్గాల ధర, నూలు ధర ఉంటాయి గాని, వైరింగు ఖర్చు ఉండదు. "ఇంట్లో కరెంటు ఉంది కదండీ!" అంటారు. ఆ కరెంటు దీపాలకు, ఫ్యాన్లకు ఇచ్చినదే గాని మోటార్లకు కాదు.

నేను చూసిన ఒక షెడ్డులో నాలుగవ మగ్గం వచ్చిన నెలలోనే పాత తీగ వేడెక్కి, ప్రక్కనున్న నూలు అంటుకున్నది. మగ్గాలు ఆగినవి, వాయిదాలు ఆగలేదు.

కనుక మొదట లెక్క వేసుకోండి. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లు. మగ్గానికి ఒక అశ్వశక్తి చొప్పున నాలుగింటికి 2,984 వాట్లు. మోటారు సామర్థ్యం నూటికి 80 అనుకుంటే, అవి తీసుకొనే విద్యుత్తు 3,730 వాట్లు. కండెలు చుట్టే యంత్రం, దీపాలు, ఫ్యాన్లు కలిపితే సుమారు 4.5 కిలోవాట్లు. అందుచేత 5 కిలోవాట్ల త్రీఫేజు కనెక్షనుకు మగ్గాలు దిగకముందే దరఖాస్తు చేయాలి.

మోటారు బయలుదేరే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి ఒకదాని తరువాత ఒకటి నడపండి. ప్రతి మోటారుకు విడిగా స్టార్టరు, ఓవర్‌లోడు రిలే, ఒక ఫేజు పోతే ఆపివేసే సాధనం ఉండాలి. దీపాల సర్క్యూటు వేరుగా ఉంటే, మోటారు లైను ట్రిప్పయినా గది చీకటి కాదు.

త్రీఫేజు మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు తప్పనిసరి. ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, షాకు నుండి మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. మోటారుపై పేరుకొనే నూలు ధూళిని, కరెంటు ఆపి, తరచు తుడవాలి.

2019 మే 24న సూరత్‌లోని తక్షశిల భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 22 మంది విద్యార్థులు మరణించారు. బయటపడే దారి విలువ అది చెప్పింది. మీ షెడ్డు గుమ్మం వద్ద నూలు మూటలు పేర్చకండి. మెయిన్ స్విచ్చి, మగ్గాలు దాటనవసరం లేకుండా, చేతికందేచోట ఉండాలి.

లైసెన్సుగల కాంట్రాక్టరు చేతనే పని చేయించి, ఇన్సులేషను ఒక మెగాఓముకు తగ్గలేదని పరీక్ష చేయించుకోండి. ఆ ఎస్టిమేటును ఋణ దరఖాస్తుకు జతచేయండి. మగ్గం సంపాదించి పెడుతుంది. ఆ సంపాదనను నిలబెట్టేది మంచి వైరింగే.