అవుట్‌పుట్ కరెక్టే... మరి కోడ్?

ల్యాబ్ ఎగ్జామ్‌లో ప్రోగ్రామ్ రన్ అయి, అవుట్‌పుట్ సరిగ్గా వస్తే చాలు, మార్కులు పడిపోతాయి. సీ, సీ++ ఉద్యోగాల ఇంటర్వ్యూలో అంతటితో వదలరు. ‘ఇందులో మెమరీ తప్పు లేదని మీకెలా తెలుసు?’ అని అడిగితే ‘రన్ చేసి చూశాను సర్’ అన్న జవాబు నిలబడదు. ఎందుకు నిలబడదో ఒక చిన్న ప్రోగ్రామ్‌తో చూద్దాం.

యూజర్ ఇచ్చిన పేరును హీప్‌లో దాచాలి. చాలామంది స్ట్ర్‌లెన్‌తో పొడవు కనుక్కొని, అంతే సైజుకు మాలాక్ చేసి, స్ట్ర్‌కాపీ వాడేస్తారు. స్ట్రింగ్ చివర ఉండే నల్ క్యారెక్టర్‌కు చోటు మర్చిపోతారు. ఇంగ్లిష్‌లో ‘రమేష్’కి ఆరు అక్షరాలు, మీరు అడిగింది ఆరు బైట్లు, రాసింది ఏడు. అయినా ఏమీ జరగదు! మామూలు 64 బిట్ లైనక్స్‌లో మీరు ఆరు అడిగినా మాలాక్ లోపల 24 బైట్ల చోటు ఇస్తుంది కాబట్టి ఆ ఏడో బైట్ ఖాళీ జాగాలో పడుతుంది. తప్పు ఉంది, కానీ కనబడదు.

ఇప్పుడు ‘సీహెచ్ వెంకట సత్యనారాయణ’ వచ్చారనుకోండి. ఇంగ్లిష్‌లో ఇనిషియల్, స్పేస్‌లతో కలిపి సరిగ్గా 24. ఇరవై అయిదో బైట్ పక్క బ్లాక్ సైజు రాసి ఉన్న చోటును చెరిపేస్తుంది. అప్పుడు కూడా స్ట్ర్‌కాపీ లైన్‌లో క్రాష్ కాదు. ఎప్పుడో, ఏ సంబంధమూ లేని ఇంకో ఫంక్షన్‌లో మాలాక్ దగ్గరో ఫ్రీ దగ్గరో కూలుతుంది. మీరేమో ఆ ఫంక్షన్‌ని పట్టుకుని రాత్రంతా వెతుకుతుంటారు. హీప్ తప్పులతో అసలు తలనొప్పి ఇదే: తప్పు ఒకచోట, దెబ్బ ఇంకోచోట.

ఇది విద్యార్థుల కోడ్‌లోనే ఉంటుందనుకోకండి. 2014 ఏప్రిల్‌లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ గుర్తుందా? ఇంటర్నెట్‌లో ఎన్నో సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో, అవతలి కంప్యూటర్ ‘నేను పంపింది ఇన్ని బైట్లు, తిరిగి పంపు’ అంటే, నిజంగా అన్ని వచ్చాయా అని చూసేవారే లేరు. హీప్‌లో పక్కన ఏముంటే అది, ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా, పాస్‌వర్డ్‌లతో సహా వెళ్లిపోయేది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్ నుంచి రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. నిజమైన పొడవు చెప్పేవాళ్లకు అవుట్‌పుట్ కరెక్టుగానే వచ్చేది మరి!

పట్టుకునేదెలా?

మొదట అడ్రస్ శానిటైజర్. గూగుల్ ఇంజినీర్లు తయారుచేసిన ఈ టూల్ జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ ఉంది. కంపైల్ చేసేటప్పుడు ‘మైనస్ జీ’తో పాటు ‘మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్‌టు అడ్రస్’ అని జోడిస్తే చాలు. మీరు అడిగిన ప్రతి బ్లాక్‌కీ అటూ ఇటూ నిషిద్ధ ప్రాంతం పెడుతుంది. ప్రతి ఎనిమిది బైట్లకూ ఒక బైట్ చొప్పున లెక్క రాసుకుంటుంది. ‘రమేష్’ ప్రోగ్రామ్‌ని దీంతో రన్ చేస్తే ఏడో బైట్ దగ్గరే ఆపేసి, రాసిన లైన్ ఏదో, ఆ బ్లాక్ ఎక్కడ తీసుకున్నారో రెండూ చూపిస్తుంది. స్పీడ్ సుమారు సగానికి పడిపోతుంది, అంతే.

ఫ్రీ చేసిన మెమరీని కూడా వెంటనే వేరేవాళ్లకు ఇవ్వదు, కొంతసేపు క్వారంటైన్‌లో ఉంచుతుంది. దీని ఉపయోగం తెలియాలంటే ఇంటర్వ్యూల్లో పాతబడని ప్రశ్న చూడండి: లింక్డ్ లిస్ట్ మొత్తాన్ని డిలీట్ చేయాలి. నోడ్‌ని ఫ్రీ చేసి, ఆ తర్వాత అదే నోడ్‌లోంచి నెక్స్ట్ తీసుకునేవాళ్లు ఎందరో. ఒక సిస్టమ్‌లో అది నడిచిపోతుంది, ఇంకోదాంట్లో క్రాష్. నెక్స్ట్‌ని ముందే వేరే పాయింటర్‌లో దాచుకుంటే సరి. శానిటైజర్ అయితే ఎక్కడ వాడారో, ఎక్కడ ఫ్రీ చేశారో, మొదట ఎక్కడ తీసుకున్నారో మూడు చోట్లూ చెబుతుంది.

రెండోది వాల్‌గ్రిండ్. (‘గ్రైండ్’ అని పలకకండి, ‘గ్రిన్డ్’ అనాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు!) దీనికి మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. కానీ ప్రోగ్రామ్ 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది. విలువ ఇవ్వకుండా వాడిన వేరియబుల్స్‌ని ఇది పట్టుకుంటుంది, అడ్రస్ శానిటైజర్ పట్టుకోదు. ఫ్రీ చేయని మెమరీని ‘డెఫినెట్లీ లాస్ట్’ అని లెక్కగట్టి చూపిస్తుంది. రెండూ కావాలి, అయితే విడివిడిగా. శానిటైజర్‌తో కంపైల్ చేసిన ఫైల్‌ని వాల్‌గ్రిండ్‌లో నడపలేరు.

ఒక్క మెలిక. ఈ టూల్స్ మీరు నడిపించిన దారినే చూస్తాయి. మీరు ఎప్పుడూ సరైన ఇన్‌పుట్టే ఇస్తే హార్ట్‌బ్లీడ్ లాంటిది వీటికీ చిక్కదు. అందుకే చెత్త ఇన్‌పుట్‌లను లక్షల్లో తయారుచేసి వదిలే ఫజింగ్‌ని శానిటైజర్‌తో జతచేస్తారు. అలా చేసి చూస్తే హార్ట్‌బ్లీడ్ కొన్ని గంటల్లోనే దొరికిందని తర్వాత పరిశోధకులు చూపించారు. మీ ప్రాజెక్టుకు అంత అవసరం లేకపోయినా ఖాళీ స్ట్రింగ్, సున్నా, మరీ పొడవాటి పేరు తప్పకుండా ఇచ్చి చూడండి.

మీ ల్యాప్‌టాప్‌లో విండోసే ఉందా? వాల్‌గ్రిండ్ అందులో నడవదు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఉబుంటు వేసుకుంటే రెండు టూల్సూ పనిచేస్తాయి. ఈ వారం మీ పాత డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ ప్రోగ్రామ్‌లను బయటికి తీసి ఒక్కొక్కటే నడపండి. ఏ తప్పు దొరికింది, రిపోర్ట్‌లో ఏ లైన్ చూసి పట్టుకున్నారు, ఎలా సరిచేశారు అన్నది ప్రాజెక్టు రీడ్‌మీలో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే మీ దగ్గర చూపించడానికి కోడ్ ఉంటుంది.