సముద్రపు గాలి ఎవరికి హితము?

మన చిత్తూరు సీమవారికి పాకాల అనగానే రైలు జంక్షను గుర్తునకు వచ్చును. అదే పేరుగల మరియొక పాకాల ప్రకాశం జిల్లా సింగరాయకొండ మండలమున సముద్రపుటొడ్డున కలదు. గూడూరు మీదుగా నెల్లూరు, కావలి దాటిన పిదప సింగరాయకొండ స్టేషనులో దిగి అచ్చటికి చేరవచ్చును. సెలవు దినములు తప్పించి వెళ్ళినచో ఇసుక, జాలరుల పడవలు, అలల సవ్వడి తప్ప వేరు సందడి అంతగా ఉండదు.

మా పాకాలలో రైల్వే ఉద్యోగము విరమించిన పెద్దమనిషి ఒకరు నిద్రపట్టక నావద్దకు వచ్చిరి. ఏండ్ల తరబడి రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన భోజనము. ఇప్పుడు మలబద్ధము, చర్మము పొడిబారుట, చిన్న శబ్దమునకే ఉలికిపడుట. ఇవి వాతవృద్ధి లక్షణములు. తైలాభ్యంగము చేసికొనుచు నాలుగు దినములు సముద్రతీరమున విశ్రమింపుడని చెప్పితిని. ఆయన సతీసమేతముగా ఆ పాకాలకు వెళ్ళి వచ్చిరి. ఆయనకు నిద్ర కుదిరినది. ఆమెకు పాత ఉబ్బసము తిరుగబెట్టినది. వెంట ఎవరు వెళ్ళుదురని నేను అడుగనేలేదు. ఆ పొరపాటు నాది.

ఒకే గాలి ఒకరికి మందై, వేరొకరికి రోగకారణమగుట ఎట్లు? వాగ్భటాచార్యుడు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా చెప్పెను. నీరు, చెట్లు తక్కువైన జాంగలమున వాతము ప్రబలము. నీరు సమృద్ధిగాగల ఆనూపమున కఫము ప్రబలము. మన మెట్టసీమ మొదటిదానికి, సముద్రతీరము రెండవదానికి చేరువ. కావున పొడిబారిన వాతశరీరమునకు తేమగాలి హితము. కఫము నిండిన రొమ్మునకు అదే భారము.

ఉబ్బసము, పీనసము గలవారు వేకువజామున, చీకటిపడిన పిదప తీరమున కూర్చుండరాదు. ఎండ పొడచూపిన తరువాత చెవులు, రొమ్ము కప్పుకొని కొంతసేపు మాత్రమే ఉండవలెను. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు, బి.పి., మధుమేహపు మందులు వెంట ఉంచుకొనవలెను. విహారయాత్ర పేరుతో వానిని మానరాదు.

పగటివేళ నేల త్వరగా, సముద్రము మెల్లగా వేడెక్కును. నేలమీది వేడిగాలి తేలికపడి పైకి లేవగా, సముద్రపు చల్లగాలి ఆ చోటికి వీచును. అందుచే వేసవి సాయంత్రములందును తీరము హాయిగా నుండును. అయినను అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయము కలదు. జనవరి, ఫిబ్రవరి మాసములు ప్రయాణమునకు అనుకూలములు.

తీరమున ఉన్న దినములలో ఉదయము గోరువెచ్చని నువ్వులనూనె ఒంటికి పట్టించి, అరగంట పిదప వేడినీటి స్నానము చేయవలెను. కఫము, జ్వరము, అజీర్ణము ఉన్నవారు ఈ అభ్యంగము చేయరాదు. మధ్యాహ్నపు ఎండను తప్పించుకొనవలెను. కాచి చల్లార్చిన నీరు, శొంఠి, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ దప్పిక తీర్చును. రాత్రివేళ వేపుళ్ళు, పెరుగు మంచివి కావు. ఉప్పునీట తడిసినచో వెంటనే మంచినీటితో కడుగుకొని పొడిబట్టలు ధరింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట మరియొకటి. 2025 జనవరిలో ఈ పాకాల తీరముననే ముగ్గురు మునిగి మరణించిరి. ప్రశాంతముగా కనుపించు నీటిలోను లోనికి లాగు ప్రవాహముండును. మోకాళ్ళలోతు దాటరాదు, పిల్లల చేయి విడువరాదు. ప్రవాహమున చిక్కినవారు దానికి ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది బయటపడవలెను.

ఆ దంపతులు మరుసటి ఏడు మరల వెళ్ళిరి. ఈసారి ఆయన ఒక్కరే వేకువన నడచిరి. ఆమె ఎండ కాసిన పిదప శాలువ కప్పుకొని వచ్చి, సాయంత్రము చీకటిపడకముందే బసకు చేరిరి. ఇరువురును ఆరోగ్యముగా తిరిగివచ్చిరి. మీరును టికెట్టు తీసికొనుటకు ముందే వెంటవచ్చు ప్రతివారి శరీరతత్త్వమును, పాత రోగములను అడిగి తెలిసికొనుడు.