జీపు కొనుటకు ముందు గట్టును కొలువుడు

ఇటీవల సహకార సంఘములు పెక్కింటికి ఒక స్వంత బండి యుండిన బాగుండునను కోరిక కలుగుచున్నది. విత్తనములు, ఎరువులు, మందుకొట్టు యంత్రములు పొలము దాక చేర్పవలసి యున్నవి. వానకాలమున మామూలు కారు పుంతలో దిగినచో కదలదు. కావున నాలుగు చక్రములకును యంత్రబలము చేరునట్టి జీపు తరగతి బండిని కొనవలయునని సభ్యులు తలంచుచున్నారు. తలంపు మంచిదే. కాని ధరను గూర్చియు, యంత్రబలమును గూర్చియు, ఒక లీటరునకు ఎన్ని కిలోమీటర్లు నడచునను దానిని గూర్చియు గంటలకొలది చర్చించువారే గాని, ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ గల దూరమెంత యని అడుగువారు అరుదు. మీ పొలముదారులలో బండి నడచునా నిలుచునా యనునది మిక్కిలిగా ఆ కొలతపై ఆధారపడి యున్నది. ఈ సంగతిని మేము రెండుమారులు పొరపడి నేర్చుకొంటిమి. మా పొరపాట్లు మీ వాటాధనమును కాపాడునేమో యను ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండెడ్ల బండికి లేని చిక్కు

మన రెండెడ్ల బండికి ఇరుసు ఒక్కటే. అది గట్టు నెక్కి దిగునపుడు చక్రములే గట్టు తలమీద నుండును. పొట్ట నేలకు తగులుట యనునది లేదు. జీపునకు ఇరుసులు రెండు. ముందు చక్రములు గట్టు దాటి ఆవలికి దిగి, వెనుక చక్రములు ఇంకను ఈవల నున్నప్పుడు, గట్టు తల సరిగా బండి పొట్టక్రిందికి వచ్చును. ఇరుసుల నడిమి దూరము ఎంత ఎక్కువైన, పొట్టకు అంత అపాయము.

కొన్ని ఏండ్ల క్రిందట ఆషాఢమాసమున మాకు జరిగినది వినుడు. సంఘపు గిడ్డంగివద్ద నానబెట్టి మండెకట్టిన వరివిత్తనమును, నారుమడులకు చేర్చుటకై, ఎరువు తెచ్చిన ఒక పొడుగు జీపులో నింపుకొని బయలుదేరితిమి. నాలుగు చక్రముల బలమున్నది గదా యని ధైర్యము. పంటకాలువ గట్టును దాటబోయినపుడు బండి పొట్ట గట్టుపై కూర్చుండెను. బరువంతయు గట్టే మోయుచుండుటచే చక్రములు నేలను గట్టిగా నొక్కలేకపోయెను. నడుపువాడు యంత్రమును ఎంత రేపినను, నాలుగు చక్రములును గిరగిర తిరిగి బురదను చిమ్మినవే గాని బండి జానెడు కదలలేదు. చక్రము నేలను అదిమినప్పుడే గదా దాని బలము పనికి వచ్చుట!

సంచులను దింపి, పార పలుగులతో గట్టు త్రవ్వి, రెండు జతల ఎడ్లను కట్టి లాగించునప్పటికి ప్రొద్దు క్రుంకెను. మండెకట్టిన విత్తనము నిలువ యుండదని మీకు తెలియును. అడుగు సంచులలో వేడి పుట్టి మొలకలు చెడిపోయినవి. వాటికొరకు నారుమడి దమ్ముచేసి కనిపెట్టుకొని యున్న ఒక చిన్న రైతుకు ఆ యేట నారు వారము దినములు ఆలస్యమైనది. ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనకపోవుటయే మాకు బరువుగా నుండెను.

లెక్క చూడుడు

రెండు బండ్లు ఉన్నవనుకొందము. రెండింటి పొట్టయు నేలనుండి 21 సెంటీమీటర్ల ఎత్తున నున్నది. ఒకదాని ఇరుసుల నడిమి దూరము 225 సెంటీమీటర్లు, రెండవదానిది 285. ఇరువైపుల 6 అడుగుల నడకకు 1 అడుగు చొప్పున లేచు గట్టును దాటవలయును. గట్టు తల బండికి సరిగా నడుమ నున్నపుడు, పొట్టిబండికి చక్రముల మట్టమునుండి రమారమి 19 సెంటీమీటర్ల ఎత్తున మట్టి యుండును. పొడుగుబండికి రమారమి 24 సెంటీమీటర్లు. మొదటిది దాటిపోవును, రెండవది కూర్చుండును. పొట్ట ఎత్తు ఒక్కటే, చక్రములు ఒక్కటే, గట్టు ఒక్కటే. భేదమంతయు ఇరుసుల నడిమి దూరములోనే యున్నది.

మలుపుల సంగతియు ఇట్టిదే. బండి తిరుగునపుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో నడువవు. లోపలి వైపునకు జరిగి నడచును. ముందు ఇరుసు నడిమి భాగము 6 మీటర్ల వ్యాసార్ధముతో తిరుగుచుండగా, పై చెప్పిన పొట్టిబండి వెనుక ఇరుసు రమారమి 44 సెంటీమీటర్లు లోపలికి జరుగును. పొడుగుబండిది 72. సన్నని తూముమీద మలుపు తిరుగువారికి ఈ మూరెడు లోపు భేదమే వెనుక చక్రము కాలువలో పడుటకును పడకుండుటకును కారణము.

ఐతే పొట్టిదే మేలా?

మేమును అట్లే అనుకొంటిమి. ఆ పరాభవము తరువాత, సంఘము బండి కొనునపుడు పొట్టిదే కొనవలయునని పట్టుబట్టి కొనిపించితిమి. గట్లను అది మేకవలె దాటెను. అందరును మెచ్చుకొనిరి. ఆ మెప్పు వేసవి దాక నిలిచినది.

ఒకనాడు 30 కిలోల సంచులు పదింటిని దాని వెనుక భాగమున, కొంత బయటికి వచ్చునట్లు, వేసికొని చెరువుకట్టను ఎక్కుచుంటిమి. సగము దూరమున ముందు చక్రములు తేలిక పడినవి. చుక్కాని త్రిప్పినను బండి మాట వినలేదు. ప్రక్కకు ఒరసికొనుచు వెనుకకు జారి తుమ్మమోడున కానుకొని నిలిచెను. సంచులపై కూర్చున్న కుర్రవాడు దుమికి తప్పించుకొనెను. మోడు లేకున్న ఏమి జరిగెడిదో తలచుకొనుటకు నేటికిని మనసొప్పదు.

దీనికిని లెక్క కలదు. వెనుక ఇరుసునకు 60 సెంటీమీటర్లు వెనుకగా 300 కిలోల బరువు పెట్టినచో, సమతలమున నిలిచియున్నప్పుడే 225 సెంటీమీటర్ల బండి ముందు ఇరుసుమీద 80 కిలోల బరువు తగ్గును. 285 సెంటీమీటర్ల బండికి 63 కిలోలే తగ్గును. ఎత్తు ఎక్కునపుడు బరువు ఇంకను వెనుకకు జరుగును. పొట్టిబండి యందు ఆ జరుగుడు ఎక్కువ. పొడుగుబండిలో ఐతే ఆ సంచులు వెనుక ఇరుసునకు ముందే, రెండు ఇరుసుల నడుమనే, పట్టి యుండెడివి. అదిగాక గతుకుల దారిలో పొట్టిబండి తూగుడుబల్లవలె ఊగును. బాటమీద వేగముగా పోవునపుడును, దిగుడున దిగునపుడును పొడుగుబండియే నిలుకడగా నుండును.

ఒక్క భ్రమను మాత్రము తొలగింపవలయును. ప్రక్కవాలున బండి బోల్తా పడకుండుటకు ఈ పొడవుతో మిక్కిలి సంబంధము లేదు. అది ఎడమ కుడి చక్రముల నడిమి వెడల్పుపైనను, బరువు ఎంత ఎత్తున నున్నదను దానిపైనను ఆధారపడును. పైకప్పుమీద సంచులు పేర్చిన బండి పొట్టిదైనను పొడుగుదైనను అపాయకరమే.

బండ్లు చేయువారు నేర్చిన పాఠము

ఈ సందేహము మనకే క్రొత్తగా కలిగినది కాదు. రెండవ ప్రపంచయుద్ధమున వాడిన విల్లీస్ జీపునకు ఇరుసుల నడిమి దూరము 80 అంగుళములు, అనగా 203 సెంటీమీటర్లు. 1948వ సంవత్సరమున ఇంగ్లండులో రైతుల పనికొరకు లాండ్ రోవరు బండిని తయారుచేసినపుడు దానికిని 80 అంగుళములే పెట్టిరి. పొలములో బాగుగా తిరిగినది గాని సరకునకు చోటు చాలలేదు. 1953-54లో దానిని 86 అంగుళములకు పెంచుటయే గాక, 107 అంగుళముల పొడుగుబండిని గూడ వేరుగా చేసిరి. అటుపిమ్మట పొట్టిది, పొడుగుది అని రెండు తరగతులుగనే అవి చిరకాలము సాగినవి. ఒక్క కొలత అన్ని పనులకు చాలదని చేయువారే ఒప్పుకొన్నారన్నమాట.

మన దేశమున ఎక్కువగా వాడిన మారుతీ జిప్సీకి 237.5 సెంటీమీటర్లు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌నకు 245, 2024లో వచ్చిన థార్ రాక్స్‌నకు 285. 2023లో మన దేశమున విక్రయమునకు వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి 259, విదేశములలో అమ్మిన మూడు తలుపుల జిమ్నీకి 225. ఈ జిమ్నీలు రెండును నేలనుండి 21 సెంటీమీటర్ల ఎత్తుననే యున్నవి. అయినను పొట్ట తగులకుండ దాటగల గట్టు కోణము చిన్నదానికి 28 డిగ్రీలు, పెద్దదానికి 24. తిరుగుటకు కావలసిన వ్యాసార్ధము చిన్నదానికి 4.9 మీటర్లు, పెద్దదానికి 5.7. మేము పైన వేసిన లెక్క కాగితపు లెక్క కాదని దీనివలన తేటపడును.

రెండు కర్రలు, ఒక త్రాడు

కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడు. ఖర్చు లేదు. కొనదలచిన బండి ఇరుసుల నడిమి దూరమును, చక్రముల నడుమ పొట్టక్రింద మిక్కిలి వ్రేలాడు భాగము ఎత్తును టేపుతో కొలిచికొనుడు. రెండు కర్రలను తీసికొని ఆ ఎత్తునుండి 5 సెంటీమీటర్లు తగ్గించి గురుతు పెట్టుడు. చక్రము బురదలో దిగుటకును బరువునకు బండి క్రుంగుటకును ఆ 5 సెంటీమీటర్లు విడువవలయును. రెండు గురుతులకును నడుమ త్రాడు కట్టుడు. త్రాటి పొడవు సరిగా ఇరుసుల నడిమి దూరమే కావలయును. ఇద్దరు మనుష్యులు చెరియొక కర్రను నేలపై నిలిపి, త్రాడు బిగువుగా నుంచి, బండి పోవు జాడనే గట్టు నెక్కి దిగవలయును. మట్టి త్రాటికి తగిలినచోట బండి పొట్టయు తగులును.

మీ ఊరిలో మిక్కిలి చెడ్డ గట్టును, మిక్కిలి ఇరుకైన మలుపును ఎన్నుకొని ఈ పరీక్ష చేయుడు. మంచి దారిని కొలిచిన లాభము లేదు. మలుపువద్ద మేకు పాతి, త్రాటితో బండి తిరుగు వ్యాసార్ధమున గీత గీసి చూచుడు.

ఏది కొనవలయును?

గట్లు, కాలువలు, ఇరుకు పుంతలు దాటుచు, ఇద్దరు ముగ్గురు మనుష్యులును కొద్దిపాటి సరకును మాత్రమే పోవలసినచో 225 మొదలు 245 సెంటీమీటర్ల లోపు బండి మేలు. వారములో ఎక్కువ దినములు బాటపై సరకు మోయుచు, ఎప్పుడో గాని పొలములో దిగనిచో 285 గాని అంతకు మించి గాని యుండవచ్చును. రెండు పనులును సమముగా నున్నచో 260 ప్రాంతమున చూచుకొనవలెను. పొడుగుబండినే కొన్నపక్షమున, త్రాటికి తగులు నాలుగైదు గట్లను సభ్యులు శ్రమదానముతో ఏటవాలుగా చెక్కినచో చాలును. మట్టిని మార్చుట ఇనుమును మార్చుటకంటె చవుక. పొట్టిబండి చట్రమును కోసి పొడిగింతుమని చెప్పువారి మాట నమ్మరాదు. తయారుచేసినవారి కొలతలను అట్లు మార్చుట 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము, ప్రాణాపాయమును గూడ. ఇక ఏడాదిలో పదిదినములే పొలమునకు సరకు మోయవలసి యున్నచో, ఒక సభ్యుని ట్రాక్టరును అద్దెకు తీసికొనుటయే తెలివి.

మా సంఘములో పొట్టిబండియే నేటికిని నడచుచున్నది. దానిలో 5 సంచులకు మించి వేయరాదనియు, అవి వెనుక ఇరుసునకు ముందే యుండవలయుననియు తీర్మానము చేసి, ఆ మాటను తలుపుమీద వ్రాయించితిమి. పెద్ద సరకునకు ట్రాక్టరు పోవును. ఈ ఏర్పాటు బండి కొన్న నాడే చేసియుండవలసినది. పాలకవర్గమున ఓటు వేయుటకు ముందు మీరు రెండు కర్రలు, ఒక త్రాడు తీసికొని గట్టుమీదికి పోయెదరు గాక.