సైకిలు సవారిలో చెవి హోరు

సైకిలు త్రొక్కువానికి వినిపించు గాలిహోరు దారిలో పుట్టినది కాదు. ఆతని చెవియొద్దనే పుట్టుచున్నది. ఎదురుగాలి చెంపను దాటి చెవిదొప్పను ఒరసికొని సుడులుగా చీలును. ఆ సుడులలో క్షణక్షణము మారు ఒత్తిడియే కర్ణభేరిని కదలించును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువానికి అంతే వేగముగల గాలి ఎదురైనచో చెవికి తగులునది 30 కిలోమీటర్ల గాలి. అదే గాలి వెనుకనుండి వీచినచో హోరే ఉండదు. దూరపు ఎడ్లబండి గంటలు సైతము వినవచ్చును.

అమెరికాలో గాలిసొరంగమున జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, గంటకు 16 కిలోమీటర్ల గాలికే చెవియొద్ద దాదాపు 85 డెసిబెల్లు తేలినవి. చిత్రమేమనగా, తల త్రిప్పినపుడు గాలికి చాటైన చెవిలోనే రొద హెచ్చు. ఇంత రొదలో వెనుక వచ్చు లారీ చప్పుడు మునిగిపోవును. ప్రమాదమంతయు అందులోనే యున్నది.

చెవిలో దూది క్రుక్కినచో హోరుతోపాటు హారనుకూడ తగ్గును. ఆరుబయట వాడు మైక్రోఫోనుకు నురుగు తొడుగు వేయుట చాలమంది చూచియుందురు. అది గాలి తాకిడిని అణచి ధ్వనిని లోనికి పోనిచ్చును. చెవులమీదుగా వదులుగా చుట్టిన పలుచని తుండుగుడ్డ కొంతవరకు ఆ పనియే చేయును. మందపు మఫ్లరు బిగించినచో ధ్వనియు అణగును. ఏమి కట్టినను, ప్రక్కకు మళ్లుటకు ముందు వెనుకకు తిరిగి చూడవలసినదే. నెమ్మదిగా వచ్చు విద్యుత్తు కార్లు గాలి లేనినాడును అంతగా చప్పుడు చేయవు.