పెంటయ్య పేరు వెనక కథ

బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో పిల్లవాడి పేరు రాస్తాడు. తాతగారి పేరో, దేవుడి పేరో పెట్టటం మామూలు. మరి పెంటయ్య, పుల్లయ్య అనే పేర్లు ఎలా వచ్చాయి?

పూర్వం మశూచి మొదలైన జబ్బులతో ఎందరో పసిపిల్లలు చనిపోయేవారు. వరసగా బిడ్డలు పోయిన ఇంట కొడుకు పుడితే, వాణ్ణి క్షణంసేపు పెంటకుప్ప మీదనో, ఎంగిలి పుల్లాకుల మీదనో పడుకోబెట్టి, ఆ పేరే పెట్టేవారు. పారేసిన బిడ్డను మృత్యువు కోరదని వారి నమ్మకం.

కాని పిల్లలను కాపాడింది పేరు కాదు, టీకా. 1796లో జెన్నర్ మశూచికి టీకా వేసి చూపాడు. 1980లో ఆ జబ్బు లోకంలోనే లేదని ప్రకటించారు.

పిల్లలూ! పెంటయ్య తాత కనిపిస్తే నవ్వకండి. "వీడైనా బతకాలి" అని ఒక తల్లి పెట్టుకున్న పేరది.